గాలి ఒప్పుకున్నప్పుడే

తెలుగువారికి గాలి ఒక్కటి కాదు. ఒంటిని తాకీ తాకకుండా పోయేది పిల్లగాలి. పంటచేల మీదుగా చల్లగా వచ్చేది పైరగాలి. వానకు ముందు దుమ్ము రేపేది ఈదురుగాలి. వేసవి మధ్యాహ్నం ముఖం మాడ్చేది వడగాలి. ఉన్నచోటనే గిర్రున తిరిగేది సుడిగాలి. ఇన్ని పేర్లు పెట్టినవారు గాలిని ఊసుపోకకు చూసినవారు కారు. దానితో పని ఉండి చూసినవారు.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతును తలచుకుంటే ఈ సంగతి బోధపడుతుంది. చలికాలంలో కుప్పలు నూర్చిన తరువాత అతడు చేట నింపి, తలకెత్తు పట్టుకుని, గాలి కోసం నిలబడేవాడు. గాలి లేకపోతే పొల్లు గింజల్లోనే పడుతుంది. మరీ హెచ్చయితే గింజలు కూడా పొల్లుతో పాటే పోతాయి. కావలసినది నిలకడ గల గాలి. అది వచ్చేవరకు చేతిలో చేట ఉన్నా, ఎదుట రాశి ఉన్నా, ఇంటిల్లిపాదీ సిద్ధంగా ఉన్నా పని జరగదు. యంత్రాలు వచ్చిన పిదప ఆ నిరీక్షణ మన పల్లెల్లో అరుదైపోయినది. తూర్పారబట్టడమంటే ఎదుటివారిని దుమ్మెత్తిపోయడమనే అర్థమే ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది. గాలి కోసం అంత శ్రద్ధగా, అంత ఓర్పుతో ఎదురుచూసే మనుషులను ఈనాడు చూడగోరితే పారాగ్లైడింగు జరిగే కొండ అంచులకు వెళ్లాలి.

2024 డిసెంబరు చివరి వారంలో అటువంటి ఒక అంచున మిత్రులతో కలిసి ఒక పగలంతా గడిపాను. అది ఉత్తర గోవాలో కేరీ గ్రామాన్ని ఆనుకుని ఉన్న పీఠభూమి. దానికి ఉత్తరాన తిరకోల్ నది సముద్రంలో కలుస్తుంది. నదికి ఆవలి ఒడ్డున ఒక పాత కోట. ఈవలి ఒడ్డున సరుగుడు తోపు, దానిముందు ఇసుక. దక్షిణాన కొండ దాటితే ఆరంబోల్ తీరం. పీఠభూమి అంతా లేటరైట్ అనే ఎర్రని, రంధ్రాలు పడిన రాయి. వానకాలంలో దట్టంగా పచ్చబడే గడ్డి డిసెంబరు నాటికి ఎండి గోధుమరంగుకు తిరిగి ఉన్నది. పడమటి వైపున నేల తెగి సముద్రం కేసి దిగిపోతుంది. ఆ తెగిన అంచే ఈ క్రీడకు ఆధారం.

మేము నలుగురం. మా బృందానికి పెద్దదిక్కు ఒక ఇంజనీరు. వయస్సు యాభైకి దగ్గర. పదిహేనేళ్ల క్రితం మహారాష్ట్రలోని కామ్‌షేత్‌లో ఈ విద్య నేర్చుకున్నది. ఇద్దరు కూర్చునే పెద్ద రెక్కను నడపగల అనుభవం ఉన్నది. ఆమెను మేమందరం అక్క అనే పిలుస్తాము. రెండవవాడు బ్యాంకు ఉద్యోగి, ముప్పై లోపు కుర్రవాడు. రెండేళ్లుగా ఎగురుతున్నాడు, సొంత రెక్క కొనుక్కున్నాడు. మూడవవారు ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే వైద్యులు. ఆయనకూ నాకూ ఎగరడం రాదు. మోత మోయడానికి, రెక్క కొసలు పట్టుకోవడానికి, పులిహోర పొట్లాలు కాపలా కాయడానికి మేము వెళ్లాము.

ఈ క్రీడను చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. పడవకు తాడు కట్టి సముద్రం మీద మనిషిని లాగే వినోదం వేరు, ఇది వేరు. పారాగ్లైడరుకు ఇంజను లేదు, చట్రం లేదు, లాగే తాడు లేదు. పలుచని నైలాను గుడ్డను అరలు అరలుగా కుట్టిన రెక్క, దాని నుంచి వేలాడే సన్నని తాళ్లు, ఆ తాళ్ల చివర మనిషి కూర్చునే పట్టీల ఆసనం, ఇంతే. ఒక్కరికి సరిపోయే రెక్క వైశాల్యం సుమారు 25 చదరపు మీటర్లు. బరువు 5 కిలోలకు అటూ ఇటూ. ముందంచున ఉన్న నోళ్ల గుండా గాలి అరల్లోకి దూరి గుడ్డను ఉబ్బించి రెక్కగా నిలుపుతుంది. అంటే రెక్కను మోసేదీ గాలే, దానికి రెక్క ఆకారాన్ని ఇచ్చేదీ గాలే. గాలి అల్లకల్లోలమైతే ఆ రెక్క ఒక పక్క మడత పడవచ్చు.

గాలితో నిండే ఈ అరల రెక్కను 1960లలో డొమినా జాల్బర్ట్ అనే అమెరికా నిపుణుడు రూపొందించాడు. మొదట అది విమానాల నుంచి దూకే పారాచూటుగా వాడుకలోకి వచ్చినది. 1978లో ఫ్రాన్సు ఆల్ప్స్ పర్వతాల్లోని మీయెసీ గ్రామం దగ్గర ముగ్గురు పారాచూటు క్రీడాకారులు విమానపు ఖర్చు ఎందుకని ఆ గుడ్డ పరచుకుని కొండవాలు మీద పరుగెత్తి గాలిలోకి లేచారు. నేటి పారాగ్లైడింగు చరిత్రను సాధారణంగా అక్కడి నుంచి మొదలుపెడతారు.

దీనిలో వింత ఏమిటంటే, పారాగ్లైడరు ఎప్పుడూ పైకి ఎగరదు. తన చుట్టూ ఉన్న గాలిలో అది సెకనుకు ఒక మీటరు చొప్పున నిరంతరం కిందికే జారుతుంటుంది. మరి కొండమీద గంటల తరబడి ఎట్లా నిలుస్తుంది? సముద్రం మీద నుంచి వచ్చే గాలికి కొండ అడ్డుపడుతుంది. ముందుకు పోలేని గాలి వాలు వెంబడి పైకి లేస్తుంది. ఆ లేచే వేగం సెకనుకు ఒక మీటరును మించితే, అందులో కిందికి జారుతున్న రెక్క కూడా మొత్తం మీద పైకే పోతుంది. పైకి కదిలే మెట్ల మీద నెమ్మదిగా దిగుతున్న మనిషి వంటిది దాని స్థితి. మెట్లు ఆగితే అతడు దిగువకు చేరక తప్పదు.

ఆ మెట్లను కదిపేది ఎండ. పగటిపూట నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రపు చల్లగాలి ఒడ్డుకు వస్తుంది. రాత్రివేళ నేల చల్లబడి, గాలి నేల నుంచి సముద్రానికి తిరుగుతుంది. తూర్పు తీరంలో పుట్టి పెరిగిన మాకు సముద్రపు గాలి అంటే తూర్పుగాలి. కేరీలో అది పడమటి గాలి. శీతకాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి ఈ రాకపోకలు క్రమంగా జరుగుతాయి కనుకనే నవంబరు నుంచి మార్చి వరకు ఆ తీరానికి ఎగిరేవారు వస్తారు.

మేము పీఠభూమి ఎక్కేసరికి ఉదయం తొమ్మిదిన్నర. గాలి ఇంకా తూర్పు నుంచే, మా వీపు మీద వీస్తున్నది. వెనుక నుంచి వచ్చే గాలిలో బయలుదేరడం కుదరదు; రెక్క నిలవడానికి గాలి ఎదురు రావాలి. పైగా అంచు దాటిన గాలి సముద్రం వైపు కిందికి దొర్లుతుంది. అక్క ఒక పుల్లకు ఎర్ర రిబ్బను కట్టి అంచున నాటినది. రిబ్బను కొస సముద్రం కేసి చూపిస్తున్నది. "అది మన వైపు తిరిగేదాకా మనం విహారయాత్రకు వచ్చిన వాళ్లమే" అన్నది.

కుర్రవాడికి కూర్చోబుద్ధి కాలేదు. అతడికి దొరికిన సెలవు మూడు రోజులు. మొదటి రోజు ప్రయాణంలో పోయినది. రెండవ రోజు గాలి రాలేదు. మిగిలినది ఆ ఒక్కరోజే. ఫోనులో వాతావరణ సూచన చూడటం, రిబ్బను చూడటం, మళ్లీ ఫోను చూడటం, ఇదే పనిగా ఉన్నాడు. అక్క రెక్క విప్పి, ఒక్కొక్క తాడునూ వేళ్లతో తడిమి చూస్తున్నది. ఆ లేటరైట్ రాతికి తాడు తగులుకుంటే నూలుపోగు లేచిపోతుందట.

ఆ పని చేస్తూనే ఆమె ఒక మాట చెప్పినది. "గాలి సగటు గంటకు 25 కిలోమీటర్లు దాటినా, విసురు 30ని తాకినా ఇవాళ్టికి మన ఆట కట్టు. ఇప్పుడే అనుకుందాం."

"ఇంకా గాలే రాలేదు కదా అక్కా! ఆ లెక్క అప్పుడు చూసుకోవచ్చుగా?" అన్నాడు కుర్రవాడు నవ్వుతూ.

"అప్పుడు నీ కళ్లకు 30 కూడా 20 లాగే కనిపిస్తుంది. నాకూ అంతే. అందుకే ఇప్పుడు అనుకోవడం."

ఆ అంకెలకు కారణం ఉన్నది. మామూలు పారాగ్లైడరు గాలిలో పోయే వేగం గంటకు 36, 38 కిలోమీటర్లు. ఎదురుగాలి 20 ఉంటే నేలను బట్టి అది ముందుకు పోయేది 16 మాత్రమే. ఎదురుగాలి 38 అయితే ఉన్నచోటనే నిలుస్తుంది. దానిని మించితే ముఖం సముద్రం వైపే ఉంచి వెనక్కు, కొండ వెనుకకు, కొట్టుకుపోతుంది. కొండ దాటిన గాలి అక్కడ సుడులు తిరుగుతుంది. రెక్క మడతపడేది అటువంటి చోటనే. అంచు దగ్గర గాలి ఇరుకునపడి మరింత వేగం పుంజుకుంటుంది కనుక, కొలిచిన అంకెకు ఎప్పుడూ కొంత జాగా వదిలిపెట్టాలి.

పదకొండు దాటినాక తూర్పుగాలి నిలిచిపోయినది. గంటసేపు ఆకు కదలలేదు. పన్నెండున్నరకు రిబ్బను రెండు సార్లు లేచి పడిపోయినది. తరువాత దాని కొస నెమ్మదిగా మా వైపు తిరిగినది. దూరాన నీటిమీద ముడతలు పడిన నల్లని గీత ఒకటి ఒడ్డు కేసి నడిచి రావడం కనిపించినది. దానికంటే ముందే గరుడపక్షులకు కబురు అందినట్లున్నది. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు గల ఆ పక్షులు మూడు, అంచు దిగువ నుంచి లేచి, ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా మా తలల మీదికి వచ్చాయి. పీఠభూమి మీద అక్కడక్కడ కూర్చుని ఉన్న అపరిచితులు కూడా లేచి రెక్కలు విప్పసాగారు.

రెండు గంటలకు గాలి 18. కుర్రవాడు శిరస్త్రాణం పెట్టుకున్నాడు. అక్క అతడి ఎదుట నిలబడి, చిన్నపిల్లవాడికి ఎక్కాలు అప్పగించుకున్నట్లు, ఒక్కొక్కటీ అడిగినది. తొడల పట్టీలు? ఛాతీ పట్టీ? కొక్కేలు? అత్యవసర పారాచూటు పిన్ను? తాళ్లు? గాలి? ముందున్న ఆకాశం ఖాళీయా? తొడల పట్టీలు బిగించుకోవడం మరచి గాలిలోకి లేచి ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనుభవజ్ఞుల్లోనే ఉన్నారట. అందుకే తెలిసినదే అయినా నోటితో పలకాలి. కుర్రవాడు సముద్రానికి వీపు పెట్టి, రెక్కకు ఎదురుగా నిలిచి, తాళ్లు లాగాడు. గుడ్డ శబ్దం చేస్తూ లేచి అతడి తలపైన నిలిచినది. వెనుదిరిగి మూడు అడుగులు వేశాడు. నాలుగవ అడుగుకు కాలికింద నేల లేదు.

మూడు గంటల ప్రాంతంలో నా వంతు వచ్చినది. అక్క వెనుక, నేను ముందు. పరుగెత్తమంటే పరుగెత్తాను, ఎప్పుడు ఆగానో తెలియదు. పైకి లేచిన భావం కలగలేదు. నేల తనంతట తానే కిందికి తప్పుకున్నట్లు తోచినది. డాక్టరుగారు, సంచులు, పులిహోర డబ్బా అన్నీ ఒక పక్కకు జరిగిపోయాయి. తాళ్ల మధ్య గాలి సన్నగా ఈల వేస్తున్నది. ఎత్తు పెరిగినప్పుడల్లా అక్క భుజం దగ్గరి చిన్న పరికరం పిట్టలాగా కూస్తున్నది. ఎండిన గడ్డిమీద మా నీడ, బొమ్మలాట తెరమీది బొమ్మలాగా, మాకంటే ముందు పోతున్నది. నదీముఖం దగ్గర ఆకుపచ్చని నీరు, నీలపు నీరు కలవకుండా పక్కపక్కనే ఉండటం అక్కడి నుంచే చూశాను.

ఆకాశంలో అప్పటికి ఆరేడు రెక్కలున్నాయి. అవి ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఎవరు తప్పుకోవాలి? కొండ ఎవరి కుడివైపు ఉంటే వారికి దారి ఇవ్వాలి; రెండవవారు సముద్రం వైపు తొలగాలి. మలుపు ఎప్పుడూ కొండకు ఎడంగానే తిరగాలి. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అందరూ ఆ నియమాన్ని పాటిస్తుండగా చూశాను. పావుగంట తరువాత, పీఠభూమి మీదనే, మెట్టు దిగినంత సులువుగా దిగాము.

అసలు సంగతి ఆ తరువాత జరిగినది.

నాలుగున్నర కావస్తున్నది. ఆ వేళకు సముద్రం బంగారు రంగుకు తిరుగుతుంది. ఎగిరేవారందరూ కోరుకునే గడియ అదే. కుర్రవాడు మళ్లీ పట్టీలు బిగించుకుంటున్నాడు. అక్క మాత్రం అంచున నిలబడి నీటిని చూస్తున్నది. మధ్యాహ్నం అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న తెల్లని నురుగుతలలు ఇప్పుడు బారులు తీరాయి. గాలివేగాన్ని 1805లోనే ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నావికాధికారి అంతస్తులుగా విభజించాడు. ఆ కొలమానం ప్రకారం నురుగుతలలు తరచుగా కనిపించడం ఒక అంతస్తు పెరిగినదనడానికి గుర్తు. ఆమె చేతి మీటరు పైకెత్తి రెండు నిమిషాలు పట్టుకున్నది. సగటు 24. విసురు ఒక్కసారి 31ని తాకినది.

"ఇవాళ్టికి చాలు" అన్నది.

"సగటు 25 దాటలేదుగా అక్కా. ఒక్కసారి విసిరితే ఏమైనది?"

"విసురు 30 అనుకున్నాం."

"అదిగో, వాళ్లంతా ఎగురుతున్నారు కదా!"

నిజమే. ఐదు రెక్కలు అప్పటికీ ఆకాశంలో ఉన్నాయి. వాటిలో ఒకటి మా ఎదుటనే అంచుకు సమంగా వచ్చి, చెయ్యి ఊపి పోయినది.

"వాళ్ల రెక్క ఏదో, వాళ్ల అనుభవం ఎంతో నాకు తెలియదు. వాళ్లు ఎగరగలరేమో. నీకు, ఈ రెక్కతో, ఈ గాలిలో వద్దు. నాకూ వద్దు" అని ఆమె తన రెక్కను మడవడం మొదలుపెట్టినది. ఇంకొక మాట అనలేదు. కుర్రవాడు కొంతసేపు అట్లాగే నిలబడ్డాడు. ముఖం ఎర్రబడినది. ఏడాది సెలవులో మిగిలిన ఒక్క గంట కళ్లముందే కరిగిపోతున్నది. తరువాత వంగి, కొక్కెం విప్పి, తాళ్లు చుట్టుకోసాగాడు. డాక్టరుగారు ఏమీ అనకుండా వెళ్లి రెక్క రెండవ కొస పట్టుకున్నారు.

ఆ తరువాత ఏమైనది? ఏమీ కాలేదు. ఆ ఐదుగురూ సూర్యాస్తమయం దాకా ఎగిరి, క్షేమంగా దిగారు. దిగినవారిలో ఒకరు మా మడతపెట్టిన రెక్కలను చూసి, జాలిపడినట్లు నవ్వారు. కొండ దిగుతున్నంతసేపూ కుర్రవాడు మాట్లాడలేదు. అతడి దృష్టిలో అక్క మాట అబద్ధమని రుజువైపోయినది.

ఈ విషయం గురించే నేను ఆనాటి నుంచి ఆలోచిస్తున్నాను. సాహసానికి సాక్ష్యం దొరుకుతుంది. ఎగిరినవాడు ఎగిరి చూపిస్తాడు. ఫొటో కూడా ఉంటుంది. ప్రమాదానికి సాక్ష్యం దొరుకుతుంది. జాగ్రత్తకు మాత్రం సాక్ష్యం దొరకదు. జరగని ప్రమాదాన్ని ఎవరు చూపగలరు? "వద్దు" అన్నవారి మాట నిజమని తేలే అవకాశం, ఆ మాట విన్నందువలననే పోతుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర డాక్టరుగారు ఇదే మాట తన పద్ధతిలో అన్నారు: "రోగికి దగ్గు ఉన్నదని ఆపరేషన్ వాయిదా వేస్తే బంధువులు నా మీద మండిపడతారు. దూరం నుంచి వచ్చాం, సెలవు పెట్టాం, ముహూర్తం చూసుకున్నాం అంటారు. వాయిదా వేసి మంచిపని చేశారని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. అనడానికి వాళ్లకు ఆధారమేదీ?" పొగమంచులో లారీ పక్కకు ఆపిన డ్రైవరుకు, వరదలో రేవు పడవ కట్టేసిన సరంగుకు కూడా ఇదే అనుభవం కాబోలు.

ఎగరడం నేర్పిన మహనీయుల కథలో కూడా ఈ భాగాన్ని మనం తక్కువగా చదువుతాము. జర్మనీ దేశస్థుడైన ఓటో లిలియెంతాల్ 1894లో బెర్లిన్ సమీపాన 15 మీటర్ల ఎత్తున ఒక మట్టికొండ కట్టించుకున్నాడు. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా దానికి ఎదురుగా బయలుదేరడానికి వీలుగా దానిని గుండ్రంగా కట్టించాడు. రెండు వేల సార్లు ఎగిరిన ఆ మహానుభావుడు 1896 ఆగస్టు 9న వేరొక కొండ దగ్గర గాలి తేడా వలన కూలి, మరునాడు కన్నుమూశాడు.

ఆయన రాతలు చదివిన రైటు సోదరులు, వాతావరణ శాఖకు ఉత్తరం రాసి గాలి వివరాలు తెలుసుకుని, అట్లాంటిక్ తీరంలో కిట్టీ హాక్ దగ్గరి ఇసుకకొండలను ఎంచుకున్నారు. గాలి నిలకడగా ఉంటుంది, పడినా ఇసుక మెత్తగా ఉంటుందని వారి ఆలోచన. ఇంజను సంగతి తరువాత. 1900 నుంచి మూడేళ్లు వారు అక్కడ చేసినది గ్లైడరుతో కొండవాలు మీద జారడమే. 1903 డిసెంబరులో యంత్రం సిద్ధమైనది. 13వ తేదీ ఆదివారం. ఆదివారాలు పనిచేయబోమని తండ్రికి ఇచ్చిన మాట ప్రకారం ఆ రోజు దాని జోలికి పోలేదు. 14న ప్రయత్నించి విఫలులయ్యారు. మరమ్మతు చేసుకుని 17న ఎగిరారు. మొదటిసారి ఎగిరినది 12 సెకన్లు. నాలుగవసారి 59 సెకన్లు. ఆ తరువాత నేలమీద నిలిపి ఉన్న యంత్రాన్ని ఒక విసురు ఎత్తి పడవేసి విరగగొట్టినది. చరిత్రలో నిలిచిన ఆ రోజున కూడా గాలి ఎవరి చుట్టమూ కాలేదు. 1911 అక్టోబరు 24న ఆర్విల్ రైట్ మళ్లీ అవే ఇసుకకొండల మీద ఇంజను లేని గ్లైడరుతో 9 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచాడు. పదేళ్ల పాటు దానిని మించినవారు లేరు. ఆయనను మోసినది కేరీలో మమ్మల్ని మోసిన గాలి వంటిదే: కొండ తగిలి, పైకి లేచిన గాలి.

మేము తిరిగివచ్చిన మూడు వారాలకు, 2025 జనవరి 18 సాయంత్రం, కేరీ పీఠభూమి నుంచి బయలుదేరిన ఒక పారాగ్లైడరు లోయలో కూలినది. విహారానికి వచ్చిన యువతి, ఆమెను తీసుకువెళ్లిన చోదకుడు ఇద్దరూ మరణించారు. ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు. మేము రిబ్బను నాటుకున్న పీఠభూమి పేరు వార్తలో చదివి చాలాసేపు పత్రిక పక్కన పెట్టలేకపోయాను. అంతకు ముందు 2023 మార్చిలో కేరళలోని వర్కల తీరాన ఒక పారాగ్లైడరు ఎత్తైన దీపస్తంభానికి చిక్కుకుని, ఇద్దరు గంటకు పైగా గాలిలో వేలాడి, అదృష్టవశాన బతికి బయటపడ్డారు.

ఈ ప్రమాదానికీ మా సాయంత్రానికీ ముడిపెట్టడం న్యాయం కాదు. ఆ రోజు వేరు, ఆ గాలి వేరు, ఆ మనుషులు వేరు. చనిపోయినవారిని మన తెలివితేటలకు ఉదాహరణలుగా వాడుకోరాదు. కాని ఒక్క మాట చెప్పవచ్చు. డబ్బు చెల్లించి ఎక్కే ప్రయాణికుడికి గాలి సంగతి తెలియదు. ఎక్కించేవారికి ఆ రోజు సంపాదన ముఖ్యం. ఎక్కేవారికి సెలవు, ప్రయాణపు ఖర్చు, ఫొటో ముఖ్యం. అటువంటి చోట "వద్దు" అనడానికి ఎవరికీ లాభం ఉండదు. కనుక అడిగే బాధ్యత ప్రయాణికుడే తీసుకోవాలి. గాలి ఇప్పుడెంత? ఎంత దాటితే ఆపుతారు? ఈ తాళ్లు, పట్టీలు ఎవరు చూశారు? ఈ మూడు ప్రశ్నలకు విసుక్కునేవారితో ఎక్కకపోవడమే మేలు. అడిగినందుకు నవ్వేవారు ఉంటారు, నవ్వితే నవ్వనిమ్మనాలి.

స్నేహితులతో వెళ్లడంలో ఉన్న మేలు కూడా ఇక్కడే తెలిసినది. స్నేహం వలన ధైర్యం పెరుగుతుందని అందరూ అంటారు. అది అంత గొప్ప సంగతి కాదు. నలుగురు చేరితే తెగింపు దానంతట అదే పెరుగుతుంది. ఒకరు "వద్దు" అన్నప్పుడు కారణం నిరూపించమని నిలదీయకుండా, మిగిలిన ముగ్గురూ రెక్కల కొసలు పట్టుకుని మడవగలగడం కష్టం. ఆ సాయంత్రం కుర్రవాడు అక్క మాటకు ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే విన్నాడు. ఆ రెండింటికీ ఎంతో తేడా ఉన్నది.

జనవరి 18 వార్త వచ్చిన రాత్రి అతడు అక్కకు ఫోను చేశాడు. "నువ్వు చెప్పినదే నిజం" అని అతడు అనలేదు. అతడు అంటాడని ఆమె కూడా ఎదురుచూడలేదు. చాలాసేపు ఇద్దరూ ఆ చనిపోయినవారి గురించే మాట్లాడుకున్నారట. చివరికి, మళ్లీ కొండకు ఎప్పుడు వెళదామని అడిగి, అతడు ఇంకొక మాట చేర్చాడట: "ఈసారి పొద్దున్నే అంకె నేను చెబుతానక్కా."